సుడిగాలికి పేరు పెట్టిన కావలివాడు

ఢిల్లీ మహానగరపు దక్షిణ భాగమున జియా సరాయ్ అను చిన్న పేట యొకటి కలదు. సరాయ్ అనగా బాటసారులు రాత్రివేళ తలదాచుకొను సత్రము. నేడు పోటీ పరీక్షలకు చదువుకొన వచ్చిన యువతీయువకులు అచ్చటి ఇరుకు సందులలో, అద్దె గదులలో తలదాచుకొనుచున్నారు. వారిలో మన కోస్తా జిల్లాల బిడ్డలును ఉన్నారు. ఈ పేట ప్రక్కనే ఐ.ఐ.టి. అను సుప్రసిద్ధ విద్యాసంస్థ యున్నది. 1979లో ఆ సంస్థలో వాతావరణ శాస్త్రములకై ఒక కేంద్రము నెలకొల్పబడినది. బంగాళాఖాతములో తుఫాను లేచినప్పుడు ఏ తీరమున సముద్రము ఎంత ఎత్తునకు పొంగి వచ్చునో ముందుగా లెక్కకట్టు గణిత పద్ధతి నొకదానిని అచ్చటి శాస్త్రజ్ఞులు రూపొందించిరి. భారత వాతావరణ శాఖవారు ఆ పద్ధతిని తమ హెచ్చరికల కొరకు వినియోగించిరి.

సముద్రపు హోరు వినబడని ఢిల్లీలో కూర్చుండి దివిసీమ జాలరి గుడిసె కొరకు లెక్కలు కట్టుట వింతగా తోచవచ్చును. కాని ఈ పనికి మొదటి రాళ్లు వేసినవారిలో ఒకడు పెద్ద చదువులు చదివిన పండితుడు కాడు. అతడు ఓడ నడిపిన నావికుడు. నేడు లోకమంతయు పలుకుచున్న సైక్లోన్ అను మాటను సృష్టించినవాడతడే. అతని పేరు హెన్రీ పిడింగ్టన్. అతనిని భక్తుల జాబితాలో చేర్చుటకు ఈ చరిత్ర వ్రాయుట లేదు. అతని జీవితములో కావలివాని ధర్మమొకటి స్పష్టముగా కనబడుచున్నది. ఆ ధర్మము క్రీస్తు సంఘమునకును అప్పగింపబడినది గనుక వ్రాయుచున్నాను.

హెన్రీ పిడింగ్టన్ 1797లో ఇంగ్లండు దేశమందలి ససెక్స్ ప్రాంతమున జన్మించెను. యౌవనమందే సముద్రపు పనిలో ప్రవేశించి, భారత, చైనా సముద్రములలో వర్తక నౌకలు నడిపి, కప్తాను అనిపించుకొనెను. పిమ్మట ఓడ విడిచి కలకత్తాలో స్థిరపడెను. ఊరక కూర్చుండు స్వభావము అతనికి లేదు. భారతదేశపు మొక్కల పేర్లకు 1832లో ఒక సూచిక ప్రకటించెను. నేలలను, వ్యవసాయమును గూర్చి వ్రాసెను. భూగర్భ సంపదలను ప్రదర్శించు మ్యూజియమునకు పాలకుడుగా ఉండెను. కలకత్తాలోని నౌకా విచారణ న్యాయస్థానమునకు అధ్యక్షుడుగాను పని చేసెను. ఓడ ఏల మునిగెను, కప్తాను చేసిన తప్పేమి, చేయవలసినదేమి అని విచారించుట ఆ న్యాయస్థానపు పని. తెలియక చేసిన చిన్న పొరపాటునకు ఎన్ని ప్రాణములు బలియగునో ఆ పీఠముమీద కూర్చున్నవానికి ఇతరులకంటె బాగుగా తెలియును.

ఆ కాలమందు నావికులకు తుఫాను ఒక అంతుపట్టని శత్రువు. గాలి ఒకప్పుడు తూర్పునుండి, మరి కొంతసేపటికి దక్షిణమునుండి, నడుమ కొంత నిశ్శబ్దము తరువాత పడమటినుండి విసరుచుండెను. ఆ నిశ్శబ్దమును చూచి ఆపద గడచెనని తెరచాపలు విప్పిన ఓడలు అనేకములు మరల దరి చేరలేదు. అమెరికా దేశమున విలియం రెడ్‌ఫీల్డు 1821లో వచ్చిన తుఫాను తరువాత కూలిన చెట్లను పరిశీలించి, అవి ఒకచోట ఒక దిక్కునకు, వేరొకచోట దానికి ఎదురు దిక్కునకు పడియుండుట కనిపెట్టెను. గాలి తిన్నగా వీచక సుడి తిరుగుచున్నదని అతడు గ్రహించెను. బార్బడోసు ద్వీపమును 1831లో నాశనము చేసిన తుఫానును గూర్చి విచారించిన విలియం రీడ్ అను సైనికోద్యోగి, తుఫానులకు ఒక నియమమున్నదని చూపుచు 1838లో ఒక గ్రంథము ప్రకటించెను. ఈ గ్రంథము పిడింగ్టన్‌ను కదిలించెను. ఆ నియమము బంగాళాఖాతమునందు కూడ నిజమగునా అని అతడు ప్రశ్నించుకొనెను.

ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకుచు అతడు మన తెలుగు తీరమునకు రావలసివచ్చెను. గోదావరి సముద్రములో కలియుచోట, కాకినాడకు చేరువను కోరంగి అను రేవు కలదు. ఒకప్పుడు అది ఓడలు కట్టుటకు పేరుపొందిన పట్టణము. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో మూడు మహా కెరటములు ఒకదాని వెనుక నొకటి లేచి ఆ పట్టణముమీద పడినవి. సుమారు 20,000 మంది నశించిరని చరిత్రకారులు వ్రాసిరి. ఏబది సంవత్సరములు గడచినవి. 1839 నవంబరులో కోరంగి మరల సముద్రము పాలయ్యెను. పిడింగ్టన్ తన పరిశోధనలు ప్రారంభించినది ఆ సంవత్సరమే. అతడు తొలినాళ్లలో పరిశీలించిన తుఫానులలో ఈ కోరంగి తుఫాను ఒకటి. మన పూర్వుల కన్నీరు ఆ శాస్త్రపు తొలి పుటలను తడిపినదని మనము మరచిపోరాదు.

అతని పద్ధతి మిక్కిలి సామాన్యమైనది. ప్రతి ఓడలోను దినచర్య పుస్తకము ఒకటి ఉండును. ఏ గంటకు గాలి ఏ దిక్కునుండి వచ్చెను, భారమితిలో పాదరసము ఎంత దిగెను, ఓడ ఎచ్చట ఉండెను అను సంగతులు అందులో వ్రాయబడును. ప్రభుత్వపు సహాయముతో పిడింగ్టన్ అట్టి పుస్తకములను సమకూర్చెను. ఒకే తుఫానులో చిక్కిన అనేక నౌకల లెక్కలను ఒకే పటముమీద గుర్తించెను. ఒక్కొక్క కప్తాను తన చుట్టు నున్న చీకటిని మాత్రమే చూచెను. వారందరి సాక్ష్యములను కూర్చినవానికి తుఫాను పూర్ణరూపము కనబడెను. ఈ విధముగా ఇరువదికి పైగా వ్యాసములను అతడు బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. ఆ సాక్ష్యములు ఇచ్చినవారిలో కొందరు అన్నియు పోగొట్టుకొని దరి చేరినవారు. వారి నష్టము వ్యర్థము కాకుండునట్లు అతడు దానిని ఇతరుల రక్షణకు ఉపయోగించెను.

1845 ఫిబ్రవరిలో మారిషస్ ద్వీపమునకు సమీపమున చార్లెస్ హెడిల్ అను నౌక తుఫానులో చిక్కెను. గాలికి ఎదురు నిలువలేక, గాలి త్రోసిన త్రోవనే అది దినముల తరబడి పరుగెత్తెను. ఎంతో దూరము వచ్చితిమని దానిలోనివారు తలంచియుందురు. దాని దినచర్య పుస్తకమును పటముమీద పెట్టి చూడగా, ఆ ఓడ సుడి చుట్టును మరల మరల తిరిగి, బయలుదేరిన చోటునకు అంత దూరము కాని స్థలమునకే వచ్చినట్లు తేలినది. గాలి వలయముగా తిరుగునని ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము వేరేమి కావలెను? ఈ సంగతిని మనస్సునందుంచుకొని పిడింగ్టన్ ఒక క్రొత్త మాట కొరకు వెదకెను. గ్రీకు భాషలో వలయమును సూచించు పదమొకటి కలదు. పాము చుట్ట చుట్టుకొనుటకును ఆ పదము వాడుదురు. దానినుండి అతడు సైక్లోన్ అను పేరు కల్పించి, 1848లో ప్రకటించిన తన గ్రంథములో లోకమున కందించెను.

అనువాదపు పనిలో జీవితము గడపిన నాకు ఈ పేరు పెట్టుట చిన్న సంగతిగా తోచదు. పేరు లేని ఆపదను గూర్చి ఎవరినైనను హెచ్చరించుట కష్టము. ఏ బలముతో వీచినను గాలిని గాలి అనియే పిలిచినంతకాలము, సుడిగా తిరుగు గాలికిని తిన్నగా వీచు గాలికిని భేదము తెలియక నావికులు మోసపోయిరి. ఇందులో మన భాషకు ఒక గౌరవమున్నది. తుఫానుతో సముద్రము నేలమీదికి వచ్చుటకు తుఫాను కెరటమని ఆంగ్లేయులు రెండు మాటలు కూర్చి చెప్పవలసి వచ్చెను. మన తీరవాసులు ఉప్పెన అను ఒక్క మాటతో దానిని చెప్పుచుండిరి. ఎన్ని తరములు ఏడ్చిన తరువాత ఆ మాట పుట్టినదో దేవునికే తెలియును.

పిడింగ్టన్ తన గ్రంథమునకు నావికుల హార్న్‌బుక్ అని పేరు పెట్టెను. పూర్వము ఇంగ్లండులో పిల్లలకు అక్షరములు నేర్పుటకు ఒక పలకమీద కాగితము అంటించి, అది మాసిపోకుండ పలుచని కొమ్ము రేకును పైన కప్పెడివారు. ఆ పలకకు హార్న్‌బుక్ అని పేరు. మన పెద్దబాలశిక్ష వంటి తొలి పాఠమన్నమాట. అనగా తన గ్రంథము పండితుల మెప్పుకొరకు గాక, ఓడమీద పని చేయు సామాన్యుని కొరకు వ్రాయబడినదని అతడు పేరులోనే తెలియజేసెను. గాలి తిరుగు దిక్కులను గుర్తించిన పారదర్శకపు రేకులను కూడ దానితో జతచేసెను. నావికుడు ఆ రేకును తన పటముమీద పెట్టి, తన వద్ద వీచు గాలి దిక్కునకు సరిచేసికొనినచో, తుఫాను నడిబొడ్డు ఏ వైపున నున్నదో తెలిసికొనగలడు. మన అర్ధగోళమున గాలికి ఎదురుగా ముఖము పెట్టి నిలిచినవానికి తుఫాను నడుము కుడిచేతి వైపున ఉండును. గాలులు సరియైన వలయముగా గాక లోపలికి వంకరతిరుగుచు పోవునని తరువాతివారు ఈ లెక్కను మరింత సవరించిరి. అయినను చేతిలో ఒక రేకు, మనస్సులో ఒక నియమము ఉన్నవాడు చీకటిలో గ్రుడ్డివాడు కాడు.

ఇచ్చట విశ్వాసులకు ఒక సందేహము కలుగవచ్చును. తుఫాను ఒక నియమము చొప్పున నడచునదైనచో అందులో దేవుని హస్తమెక్కడ? ఈ ప్రశ్న నేటికిని మన సంఘములలో వినబడుచున్నది. జలప్రళయము తరువాత దేవుడు నోవహుతో చేసిన నిబంధనలో విత్తుకాలమును కోతకాలమును, శీతమును ఉష్ణమును నిలిచియుండునని వాగ్దానము చేసెను. సృష్టిలోని క్రమము దేవుని నమ్మకత్వమునకు గురుతు అని దీని భావము. 148వ కీర్తన తుఫానును కూడ ఆయన ఆజ్ఞను నెరవేర్చు సేవకులలో లెక్కించినది. కావున నియమమును కనుగొనుట దేవుని పీఠమును కదలించుట కాదు. తుఫాను దేవుని చర్య గనుక మనము చేయవలసినదేమియు లేదని చేతులు ముడుచుకొనుట భక్తివలె కనబడును గాని, అది పొరుగువానియెడల ప్రేమ లేకపోవుటయే. ఐగుప్తులో రాబోవు కరవును దేవుడు ముందుగా తెలియజేసినప్పుడు యోసేపు కొట్లు కట్టించెను. ముందుగా తెలిసికొనుట దేవుని దానమైనచో, ముందుగా సిద్ధపడుట ఆ దానమునకు మనమిచ్చు విధేయత.

ఇక అతని జీవితములోని అతి ముఖ్యమైన ఘట్టమునకు వచ్చెదము. కలకత్తాకు ప్రాణాధారమైన హుగ్లీ నది ఇసుక మేటలతో పూడిపోవుచున్నదని వర్తకులు భయపడిరి. ఆగ్నేయ దిక్కున, సుందరవనములకు చేరువను మాత్లా అను నది కలదు. దాని ఒడ్డున క్రొత్త రేవు కట్టవలెనని ఆలోచన పుట్టెను. 1853లో పిడింగ్టన్ గవర్నరు జనరలుగా ఉన్న డల్హౌసీ ప్రభువునకు ఒక బహిరంగ లేఖ వ్రాసి ముద్రింపించెను. ఆ చోటు తుఫాను కెరటములకు త్రోవయనియు, ఎప్పుడో ఒక దినమున పెనుగాలి నడుమ ఉప్పునీరు మహావేగముతో పొర్లివచ్చి ఆ పట్టణమును ఐదు మొదలుకొని పదునైదు అడుగుల లోతున ముంచివేయుననియు, అచ్చట కట్టదలచువారు ఆ దినము కొరకు సిద్ధపడియుండవలెననియు అందులో హెచ్చరించెను.

ఇది జ్యోతిష్కుని మాట కాదు. తుఫాను నడుమ గాలి బరువు తగ్గుటచే నీరు కొంచెము ఉబ్బును. దానికంటె పెద్ద కారణము గాలి. లోతు తక్కువైన తీరమువైపు గాలి గంటల తరబడి నీటిని త్రోయగా, వెనుకకు మరలు త్రోవ లేక ఆ నీరు నేలమీదికి ఎక్కును. బంగాళాఖాతము ఉత్తరమునకు పోవుకొలది గరాటువలె ఇరుకగుటచే అచ్చట ఈ ఆపద అధికము. కోరంగిని ఎరిగిన పిడింగ్టన్ మాత్లాను గూర్చి మౌనముగా ఉండలేకపోయెను.

రేవు పని ఆగలేదు. కానింగ్ ప్రభువు పేరున పట్టణము లేచెను, రైలుమార్గము వేయబడెను. పిడింగ్టన్ 1858 ఆగస్టులో కలకత్తాలో మరణించెను. తన మాట నెరవేరుట అతడు చూడలేదు, చూడగోరియు ఉండడు. హెచ్చరించువాడు తన హెచ్చరిక తప్పిపోవలెననియే కోరుకొనును. నీనెవె నాశనము కాలేదని అలిగిన యోనాకు దేవుడు నేర్పిన పాఠమిదియే.

1864 అక్టోబరు 5న కలకత్తాను మహా తుఫాను కొట్టగా, హుగ్లీ తీరమున వేలకొలది జనులు నశించిరి. ఒక నెలయైన గడువకముందే, నవంబరు 1న, మన మచిలీపట్టణముమీద ఉప్పెన పడెను. ఒక్క రాత్రిలో సుమారు 30,000 మంది ప్రాణములు విడిచిరి. ఆ పట్టణముననే 1841 నుండి రాబర్టు నోబుల్ దొరగారు స్వదేశమునకు ఒక్కమారైనను తిరిగి వెళ్లక, పాఠశాల నడపుచు తెలుగు యువకులను తీర్చిదిద్దుచుండిరి. తాను ప్రేమించిన ఊరు శవముల దిబ్బయగుట చూచిన మరుసటి యేడు, 1865లో, ఆయన అచ్చటనే ప్రభువునందు నిద్రించిరి. మూడు సంవత్సరములు గడచిన పిమ్మట, 1867 నవంబరు 1న, తుఫాను కానింగ్ రేవుమీదికి వచ్చెను. ఆరడుగుల ఎత్తున నీరు పొంగి, ఆ క్రొత్త రేవును ధ్వంసము చేసెను. కొలది సంవత్సరములలో దానిని విడిచిపెట్టిరి. పిడింగ్టన్ లేఖ వ్రాసి అప్పటికి పదునాలుగు సంవత్సరములైనది.

అపొస్తలుల కార్యముల గ్రంథము 27వ అధ్యాయము చదువునప్పుడెల్ల నాకు ఈ లేఖ జ్ఞప్తికి వచ్చును. మంచిరేవులు అను చోట పౌలు ప్రయాణము మానుమని హెచ్చరించెను. శతాధిపతి అతని మాటకంటె నావికునియు ఓడ యజమానునియు మాటలను ఎక్కువగా నమ్మెను. ఆ శతాధిపతి దుష్టుడు కాడు. పౌలును దయగా చూచినవాడే. అనుభవజ్ఞుల ఆలోచన, అధిక సంఖ్యాకుల సమ్మతి, అప్పుడే మెల్లగా వీచిన దక్షిణపు గాలి, ఇవన్నియు ఒకవైపున చేరినవి. ఖైదీ మాట ఒకవైపున మిగిలినది. తుఫాను వచ్చినప్పుడు, నిర్ణయము చేసినవారు మాత్రమే గాక, ఆ నిర్ణయములో పాలులేని వారందరును అదే ఓడలో ఉండిరి. 276 ప్రాణములు! హెచ్చరికను త్రోసివేయువారు కొందరు, దాని ఫలము అనుభవించువారు అందరును. ఇందులోనే ఈ విషయపు బరువంతయు ఉన్నది.

పిడింగ్టన్ శ్రమ వృథా కాలేదు. 1864 నాటి నాశనము తరువాత కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు ఏర్పడెను. ఆ తుఫానును విచారించి నివేదిక వ్రాసిన ఇద్దరిలో ఒకడైన హెన్రీ బ్లాన్‌ఫర్డు, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధిపతియయ్యెను. అయినను శాస్త్రము పెరిగినంత మాత్రమున వినికిడి పెరుగలేదు. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన పడినప్పుడు పదివేలమందికి పైగా మరణించిరి. హెచ్చరికలు వెలువడకపోలేదు, కాని మారుమూల పల్లెల గుడిసెలకు అవి చేరవలసిన రీతిని చేరలేదు, చేరినచోట పోవుటకు గట్టి నీడ లేదు. తరువాత తీరమంతట ఆశ్రయ భవనములు లేచెను. ఆ పనిలో క్రైస్తవ సేవాసంస్థలును చేయికలిపెను. 1990 మేలో భయంకరమైన తుఫాను అదే తీరమునకు వచ్చినప్పుడు ఆరు లక్షలకు పైగా జనులను ముందుగా తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపున నిలిచెను. ఆ వేయి కుటుంబముల దుఃఖము తక్కువది కాదు. అయినను ఈ రెండు తుఫానుల మధ్య మారినది సముద్రము కాదు, గాలి కాదు; వినిన చెవి మారినది, చాపిన చేయి మారినది.

యెహెజ్కేలు గ్రంథములో కావలివానికి దేవుడు అప్పగించిన బాధ్యత మనమెరుగుదుము. ఖడ్గము వచ్చుట చూచి బాకా ఊదుట అతని పని. విననివాని దోషము వాని తలమీదనే ఉండును; ఊదనివాని దోషము కావలివాని తలమీద ఉండును. పిడింగ్టన్ తాను చూచినంత మట్టుకు ఊదెను. పెద్దలు వినుదురో వినరో అని లెక్కించి మౌనము వహింపలేదు. సామాన్యునికి అర్థమగు భాషలో చెప్పుటకును సిగ్గుపడలేదు. మన ప్రసంగ పీఠములును, మన సంఘ పెద్దలును నేర్చుకొనవలసిన పాఠములు ఇవి రెండును. రాబోవు తీర్పును గూర్చి హెచ్చరించు నోరు, రాబోవు తుఫానును గూర్చి పొరుగువానిని మేల్కొల్పుటకు బరువైన నోరు కారాదు. తీరప్రాంతమునందలి ప్రతి దేవాలయపు గంటయు ఆరాధనకు పిలుచుటతో పాటు ఆపద వేళ ఊరిని లేపుటకును సిద్ధముగా ఉండుట దేవునికి ప్రీతికరము కాదా?

జియా సరాయ్ గదులలో దీపము వెలిగించుకొని రాత్రులు చదువుచున్న బిడ్డలలో కొందరు రేపు అధికారులగుదురు, కొందరు శాస్త్రజ్ఞులగుదురు. ఏదో ఒక దినమున ఏదో ఒక హెచ్చరిక వారి బల్లమీదికి వచ్చును. దానిని వ్రాసినవాడు గొప్ప పేరు లేని వృద్ధ నావికుడు కావచ్చును. దాని నిజము తేలుటకు పదునాలుగు సంవత్సరములు పట్టవచ్చును. అప్పుడు దానిని ప్రక్కకు నెట్టక చదువు మనస్సును ప్రభువు వారికిచ్చును గాక. చూచినది చెప్పు ధైర్యమును, చెప్పినది విను వినయమును మనకందరికిని అనుగ్రహించును గాక. గాలిని సముద్రమును గద్దించి నిమ్మళపరచిన ప్రభువు మన ఓడలో ఉన్నాడు. ఆయన ఉన్నాడను ధైర్యముతో మనము నిద్రపోక, తోటివారి కొరకు మెలకువగా ఉందము.